కదలని కొండ, మూసిన రోడ్డు

డిసెంబరు వచ్చిందంటే ఈ ఎడారి ఊరు చాండ్లర్‌లో, మా అపార్ట్‌మెంట్లలో ఉండే ఉద్యోగాల తెలుగు పిల్లలకు మంచు గుర్తొస్తుంది. ఏడాది పొడుగునా ఎండలో, కంప్యూటర్ చిప్ ఫ్యాక్టరీ షిఫ్టుల్లో గడిపేవాళ్ళు కదా. నలుగురైదుగురు కలిసి పెద్ద కారు ఒకటి అద్దెకు తీసుకుని ఉత్తరాన కొండల్లోకి స్కీయింగ్‌కి బయలుదేరతారు. ముందురోజు సాయంత్రం ఎవరో ఒకరు నా తలుపు తడతారు.

"ఆంటీ, మీరు స్నోలో వర్క్ చేశారంట కదా. యాప్‌లో అవలాంచ్ డేంజర్ మోడరేట్ అని చూపిస్తోంది. అంటే సేఫే కదా?"

"సేఫ్ అని ఎక్కడ రాసుంది?"

"అంటే... హై అని లేదు కదా ఆంటీ."

"సేఫ్ అన్నది నువ్వు కలిపావన్నమాట."

"ఆంటీని అడగొద్దని చెప్పానా లేదా? ఇప్పుడు ట్రిప్ క్యాన్సిల్ చేయిస్తుంది చూడు" అని వెనకాల నిలబడ్డవాడు గొణుగుతాడు. నేను ఎవరి ప్రయాణమూ ఆపించను. ఎక్కడ తిరగవచ్చో, మంచుచరియ విరిగిపడే ఏ వాలు కింద నిలబడకూడదో చెప్పి పంపుతాను. కానీ గుమ్మంలో నిలబడి చెప్పడానికి కుదరని సంగతి ఒకటుంది. దాన్ని ఇక్కడ కూర్చుని రాస్తున్నాను.

నేను పుట్టింది అనంతపురం జిల్లాలో. ఆకాశం వంక చూసి నిట్టూర్చడం మా ఊళ్ళో అందరికీ వచ్చిన విద్య. సివిల్ ఇంజినీరింగ్ అయ్యాక, వాలు మీద మట్టి ఎందుకు జారుతుందో చదువుదామని ఈ దేశం వచ్చాను. మా ప్రొఫెసరు ఒక చలికాలం మట్టి దొరక్క నన్ను మంచు తవ్వమన్నాడు. ఆ తవ్వకం రిటైరయ్యేదాకా సాగింది. డైరీ రాసే అలవాటు హైస్కూలు నాటిది. పొద్దుటి ఆకాశం, గాలి, ఆ రోజు ఎవరేమన్నారు, ఏం తిన్నాను, అంతే ఉంటుంది అందులో. ఈ కథకు ఆ డైరీలు తిరగేయాల్సిన అవసరం కూడా లేకపోయింది.

రాకీ పర్వతాల్లో ఒక కనుమ మీదుగా వెళ్ళే రోడ్డుకు కాపలా కాయడం నా ఉద్యోగం. కనుమకు పడమర చిన్న ఊరు, అందులో చిన్న ఆసుపత్రి. తూర్పున లోయలో పెద్ద ఊరు, పెద్ద ఆసుపత్రి. మధ్యలో రోడ్డు మీదికి మంచుచరియలు దిగే వాలులు చాలా ఉన్నాయి. ప్రతిదానికీ ఒక పేరు. అన్నిటికన్నా పెద్దదాన్ని 'కుక్‌హౌస్' అనేవాళ్ళు, పాతకాలం గనివాళ్ళ వంటశాల ఒకటి దాని కింద ఉండేదట. నేను మాత్రం మనసులో వంటిల్లు అనుకునేదాన్ని. నాకు వంటిల్లంటే భయం లేదు కానీ ఆ వంటిల్లంటే ఉండేది.

ఆ ఏడాది మంచు తొందరపడింది. అక్టోబరులోనే పడి, ఆ తరువాత వారాల తరబడి ఆకాశం నిర్మలంగా ఉండిపోయింది. స్కీ రిసార్టులవాళ్ళు తప్ప అందరూ ఎంత హాయిగా ఉందో అనుకున్నారు. నేలకు అంటుకున్న పలచని మంచు అలాంటి చలిరాత్రుల్లో మెల్లగా మారిపోతుంది. గట్టిపడదు, గింజ కడుతుంది. గుప్పెట్లోకి తీసుకుంటే బొంబాయి రవ్వలాగా వేళ్ళ మధ్య నుంచి జారిపోతుంది. జనవరిలో పెద్ద తుఫాను వచ్చి ఆ రవ్వ మీద బరువైన మంచును పలకలాగా పరిచింది. రవ్వ పోసి దాని మీద బండ పెట్టి, ఆ బండను ఏటవాలుగా నిలబెట్టినట్టు ఊహించుకోండి. అది నిలబడొచ్చు కూడా. ఎంతసేపు అన్నదే మాకు జీతమిచ్చి అడిగే ప్రశ్న.

మా బృందం చిన్నది. పెద్దాయన ఒకరు, మా అధికారి. మాటలు తక్కువ, కాఫీ ఎక్కువ. రెండో చలికాలం పని చేస్తున్న అమ్మాయి ఒకతె, చురుకైనది. రోడ్డు మీద మంచు తోసే స్నోప్లౌ డ్రైవరు ఒకడు. ఆ పడమటి ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు, నోరు మూతపడదు. రోడ్డు మూసి ఉంచుదామని నేను తరచుగా అంటానని నాకు 'హ్యాండ్‌బ్రేక్' అని పేరు పెట్టాడు. (వాళ్ళ మాటలన్నీ ఇంగ్లీషులో జరిగినవే. నాకు వినిపించినట్టు తెలుగులో రాస్తున్నాను.)

మాకొక ఆచారం ఉండేది. పొద్దున్నే బల్ల చుట్టూ కూర్చుని రోడ్డు తెరవాలా వద్దా అని ఒక్కొక్కరు చెప్పాలి. అందరికన్నా కొత్తవాళ్ళు ముందు, అధికారి చివర. పెద్దవాళ్ళ మాట విని చిన్నవాళ్ళు వంత పాడకుండా ఈ ఏర్పాటు. ఒక్కరు వద్దన్నా రోడ్డు మూతే. మిగతావాళ్ళు వాదించకూడదు. అయితే వద్దన్నవాళ్ళే ఫోన్ తీసుకుని, ఆ మూత వల్ల ఇబ్బంది పడేవాళ్ళకు తమ నోటితో చెప్పాలి. ఈ రెండో సగం పెద్దాయన పెట్టింది. వద్దనడం తేలిక కాకూడదని ఆయన ఉద్దేశం.

తుఫాను మూడో రోజు పడమటి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ వరంగల్ నుంచి వచ్చిన డాక్టరు ఒకడు ఉండేవాడు. వీసా నిబంధన ప్రకారం డాక్టర్లు దొరకని ఊళ్ళో కొన్నేళ్ళు పనిచేయాలి కాబట్టి ఆ కొండల మధ్యకు వచ్చి పడ్డాడు. చుట్టుపక్కల తెలుగు మాట్లాడే మనుషులం మేమిద్దరమే. ఆదివారాలు మా ఇంటికి వచ్చి, నా పప్పులో కారం లేదని వంకపెట్టి, రెండోసారి వడ్డించుకునేవాడు. అతని దగ్గర ఎనభై దాటిన ఆవిడ ఉంది. ఆ ఊరి బడిలో జీవితమంతా పాఠాలు చెప్పిన టీచరు. మూత్రపిండాలు పనిచేయవు. వారానికి మూడుసార్లు కనుమ దాటి లోయ ఆసుపత్రికి డయాలిసిస్‌కి వెళ్ళాలి. తుఫాను వల్ల అప్పటికే ఒకసారి తప్పింది. రెండోది తప్పితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆ గాలిలో హెలికాప్టరు ఎగరదు.

మరునాడు తెల్లవారాక మేం వాలులన్నిటి మీదా పేలుళ్ళు జరిపాం. కొండ మీద అమర్చిన గొట్టాల్లో గ్యాస్ నింపి, కింద నుంచి పేలుస్తాం. జారాల్సిన మంచు మేం ఉండగానే జారిపోతే, రోడ్డు ఊడ్చి తెరవవచ్చు. చాలా వాలులు చెప్పినమాట విన్నాయి. కుక్‌హౌస్ దగ్గర పేలుడు వినిపించింది, మబ్బులో కొండ కనిపించలేదు. కాసేపు ఎదురుచూశాం. కిందికి ఏమీ రాలేదు. మళ్ళీ పేల్చాం. ఏమీ రాలేదు.

బల్ల దగ్గర కూర్చున్నాం. మామూలు బండ్లకు రోడ్డు తెరిచే ఉద్దేశం ఎలాగూ లేదు. ముందు ప్లౌ, వెనక అంబులెన్స్, అంతే. కుక్‌హౌస్ కింద గడిపేది కొద్ది నిమిషాలు.

అమ్మాయి బల్ల వైపు చూస్తూ అంది: "ఒక్క అంబులెన్స్‌కి తెరవచ్చు."

డ్రైవరు అప్పటికే కోటు వేసుకుని ఉన్నాడు. "తెరవండి. ఇంజన్ ఆపకుండా వచ్చాను. మూడో క్లాసులో నాకు గడియారం చూడడం నేర్పింది ఆవిడే. నా ప్రాణం గురించి మీరెవరూ బెంగపడొద్దు."

నా వంతు వచ్చింది. "వద్దు" అన్నాను.

"ఇదిగో, పడింది హ్యాండ్‌బ్రేక్" అన్నాడు వాడు. ఈసారి నవ్వుతూ అనలేదు. "రెండుసార్లు పేల్చాం. కదల్లేదు. ఇంకేం కావాలి నీకు? సంతకం పెట్టి ఇవ్వాలా కొండ?"

వాదించకూడదన్న నియమాన్ని అతను మీరాడు. తన మాట చెప్పే అవసరం ఇక లేదు కాబట్టి పెద్దాయన ఫోన్ నా వైపు జరిపాడు.

నా కారణాలు మీకూ చెప్పాలి. పేల్చినా పడలేదంటే కొండ గట్టిగా ఉందని అర్థం కాదు. మన దెబ్బ సరైన చోట తగల్లేదని కావచ్చు. అప్పటికి మోయగలిగిందని కావచ్చు. పైన గాలి ఆగలేదు, ఆ వాలు మీదికి ఇంకా మంచు మోసుకొస్తూనే ఉంది. పక్క వాలులన్నీ పడి, అన్నిటికన్నా పెద్దది మాత్రం పడకపోవడం నాకు శుభవార్తలా అనిపించలేదు. దాని కింద మంచు తోసుకుంటూ నెమ్మదిగా వెళ్ళాలి. బండ్లు రెండు, మనుషులు ఐదుగురు.

డాక్టరు మొదటి రింగుకే ఎత్తాడు.

"ఆంటీ, ఓపెన్ చేస్తున్రా? అంబులెన్స్ రెడీగ పెట్టిన."

"లేదు నాయనా. ఇవాళ తెరవడం లేదు."

"ఎవరొద్దన్నరు?"

"నేనే."

"ఆంటీ, ఆమె రక్తంల పొటాషియం పెరుగుతున్నది, గుండెకు డేంజర్. మందులిచ్చి ఆపుతున్న. రేపటిదాంక ఆగుతదని నేను గ్యారంటీ ఇయ్యలేను."

"కొండ ఆగుతుందని నేనూ ఇవ్వలేను."

"ఆగింది గద! పొద్దుగాల పేల్చిన్రు, పడలేదంట గద!"

"పడకపోవడమే నా భయం."

"ఇదేం లాజిక్ ఆంటీ? హెలికాప్టర్ రాదు, మీరు రోడ్డియ్యరు. నేనెటు పోవాలె?"

"ఉత్తరం దారి పట్టు. చుట్టు తిరిగి లోయకు దిగుతుంది. ఇప్పుడే బయలుదేరండి. దారి పొడుగునా మీ ముందు ప్లౌ ఉండేట్టు నేను మాట్లాడతాను."

"అది ఎనిమిది గంటలు. ఆమెకు ఎనభై దాటినయ్."

"తెలుసు."

"మీకు మంచు తెలుసు ఆంటీ. గుండె నాకు తెలుసు. ఎనిమిది గంటలల్ల అదెప్పుడన్న ఆగొచ్చు."

ఉంటానని కూడా అనకుండా పెట్టేశాడు. అంబులెన్సులో ఆవిడ పక్కన తనే కూర్చుని బయలుదేరాడని తరువాత తెలిసింది.

ఉత్తరం దారిలోని రోడ్డు క్యాంపులన్నిటికీ ఫోన్లు చేసి, ఒకరి హద్దు ముగిసేచోట ఇంకొకరి ప్లౌ నిలబడి ఉండేట్టు ఏర్పాటు చేశాను. ఆ పని అయ్యాక చేయడానికేమీ మిగల్లేదు. రోడ్డు మూసిన రోజు మా ఆఫీసులో పని ఉండదు, ఎదురుచూపు మాత్రమే. డ్రైవరు బయటికి వెళ్ళి శుభ్రంగా ఉన్న ప్లౌ బ్లేడునే మళ్ళీ కడిగాడు. పెద్దాయన కాఫీ కాచి నా ముందు పెట్టాడు. నేను మాటిమాటికీ కిటికీ దగ్గరికి వెళ్ళి మబ్బులో కొండ ఉండాల్సిన చోటు చూశాను. నిజం చెప్పాలంటే, ఆ మధ్యాహ్నమంతా అది పడాలని కోరుకున్నాను. రోడ్డు మీద ఎవరూ లేరు, ఎవరికీ నష్టం లేదు, పడితే నేను అన్నది నిలబడుతుంది. ఇంత పెద్ద కొండను నా మాట నిలబెట్టమని బతిమాలుకోవడం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

అది పడలేదు.

చీకటి పడ్డాక అంబులెన్సు లోయకు చేరింది. దారిలో ఆవిడ గుండె లయ తప్పింది. డాక్టరు కదులుతున్న బండిలో ఇంజెక్షన్లు చేస్తూ తీసుకెళ్ళాడు. ఆసుపత్రిలో డయాలిసిస్ జరిగింది, ప్రాణం నిలిచింది. కానీ వారాల తరబడి మంచం మీదే ఉండాల్సి వచ్చింది. లేచాక నడక మునుపటిలా లేదు. మళ్ళీ కొండల్లో ఒంటరిగా ఉండడం, కనుమ దాటి డయాలిసిస్‌కి రావడం కుదరదని తేల్చారు. లోయలోనే, ఆసుపత్రికి దగ్గరగా, వృద్ధులుండే ఒక చోట గది తీసుకున్నారు. ఆ ఊళ్ళో ఆవిడ బతుకంతా గడిచిన ఇంటిని అమ్మేశారు.

మర్నాడు ఆకాశం తేటగా విప్పారింది. కుక్‌హౌస్ చెక్కుచెదరకుండా మెరుస్తూ నిలబడి ఉంది. మళ్ళీ పేల్చాం, కదల్లేదు. గాలి ఆగింది, బరువు పెరగడం ఆగింది, రోడ్డు తెరిచాం. ఆ చలికాలమంతా అది పడనే లేదు. వసంతంలో పైకెక్కి తవ్వి చూస్తే రవ్వ గింజలు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడి ఉన్నాయి. వసంతంలో గట్టిగా ఉన్నంత మాత్రాన జనవరిలో ఎలా ఉండేదో తెలియదు. ఆ జనవరి మంచు తరువాత నీళ్ళై వాగులో కలిసిపోయింది.

ఆ గుంత తవ్వేటప్పుడు నా పక్కన ఉన్నది మా కొత్త అమ్మాయే. పార పక్కన పెట్టి, చేతి తొడుగులు విప్పుతూ అంది: "ఆ రోజు నేనూ వద్దనే అనుకున్నాను."

"మరి తెరవచ్చన్నావు?"

"మీ వంతు ఇంకా ఉంది కదా. మీరు ఎలాగూ వద్దంటారని తెలుసు. ఆ ఫోన్ చేయడం నా వల్ల కాదనిపించింది."

కొండ మీద రాని కోపం ఆ పిల్ల మీద వచ్చింది. కిందికి దిగాక పెద్దాయనకు చెప్పాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి, "నీ మాట తరువాత నా మాట అడిగి ఉంటే నేనూ వద్దనేవాణ్ణి. అడగలేదని సంతోషించాను" అన్నాడు.

పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఇదే. చిన్నవాళ్ళకు ధైర్యం ఇవ్వడానికి పెట్టుకున్న నియమం వాళ్ళు దాక్కోవడానికి పనికొచ్చింది. ఒక్కరు వద్దంటే చాలు అన్నప్పుడు, ఆ ఒక్కరు ఎవరో అందరికీ ముందే తెలిసిపోతుంది. నేనే హ్యాండ్‌బ్రేకునైతే మిగతావాళ్ళు యాక్సిలరేటర్ మీద కాలు పెట్టుకుని నిశ్చింతగా కూర్చోవచ్చు. ఏదో ఒక రోజు నాకు జ్వరమొచ్చి సెలవు పెట్టి ఉంటే? మీ కారులోనూ భయపడే మనిషి ఒకరుంటారు. వాడే ఆపుతాడులే అని మిగతా నలుగురూ అనుకుంటారు. ఆ వసంతం నుంచి మా ఆచారం మారింది. తెరవచ్చు అన్నవాళ్ళు, ఏం కనిపిస్తే వద్దనేవారో కూడా అక్కడే చెప్పాలి. ఫోన్ అందరూ కలిసి చేయాలి.

డాక్టరు చాలాకాలం ఆదివారాలు రాలేదు. పచారీ దుకాణంలో ఎదురుపడితే "బాగున్నరా ఆంటీ" అని ఆగకుండా వెళ్ళిపోయేవాడు. ఎండలు ముదిరాక ఒకరోజు ఆగాడు.

"ఆమెను చూసొచ్చిన. మిమ్మల్ని అడిగింది."

"నా గురించి ఏం చెప్పావు?"

"వద్దన్నది మీరేనని చెప్పిన. దాచుడెందుకు? పొయ్యి రాండ్రి."

వెళ్ళాను. గది చిన్నది, శుభ్రంగా ఉంది. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని, క్లాసులోకి ఆలస్యంగా వచ్చిన పిల్లను చూసినట్టు నన్ను చూసింది.

"వద్దన్నది నువ్వేనా?"

"నేనే."

"కూర్చో. మేం ఆ రోజు ఆ దారిన వచ్చుంటే, కొండ మా మీద పడేదా?"

"తెలియదు."

"ఇన్ని నెలలయ్యాక కూడానా?"

"ఎప్పటికీ తెలియదు."

ఆవిడ తలూపింది. "ఆ ప్లౌ నడిపేవాడు వచ్చి, తప్పకుండా పడేది, అందరం పోయేవాళ్ళం అని ఒట్టేసి చెప్పాడు. అబద్ధం చెబితే వాడి చెవులు ఎర్రబడతాయి. మూడో క్లాసు నుంచీ అంతే."

అతను అలా చెప్పాడని నాకు తెలియదు. ఆ రోజు తరువాత నన్ను హ్యాండ్‌బ్రేక్ అనడం కూడా మానేశాడు. అలక అనుకున్నాను.

"ఇల్లు రోజూ గుర్తొస్తుంది" అంది ఆవిడ. "నీ మీద కోపం కూడా వస్తుంది. రోజూ కాదులే." తరువాత టీ పోయమంది. ఒంట్లో నీరు చేరకూడదని ఆవిడకు తాగే నీళ్ళు కొలత ప్రకారం. "నాకు సగం. నీకు నిండా పోసుకో, దూరం నుంచి వచ్చావు." టీ తాగి నేను లేచేటప్పుడు అడిగింది:

"తిరిగి ఏ దారిన వెళ్తావు?"

"కనుమ మీదుగానే. వేసవి కదా, తెరిచే ఉంది."

"అయితే ఒకసారి మా ఇంటి ముందు ఆగు. మెట్ల పక్కన లైలాక్ పూల పొద ఉంటుంది. కొనుక్కున్నవాళ్ళు దానికి నీళ్ళు పోస్తున్నారో లేదో చూడు."

కుక్‌హౌస్ కింది నుంచే వెళ్ళాను. పచ్చటి గడ్డి, ఊదారంగు పూలు, పేరు తెలియని పిట్టలు. ఊళ్ళోకి చేరేసరికి సాయంత్రమైంది. ఇల్లు సులువుగానే దొరికింది. మెట్ల పక్కన లైలాక్ ఆకులు అంచుల్లో మాడి, ముడుచుకుని ఉన్నాయి. మట్టి ముట్టుకుని చూశాను. పొడి.

తలుపు తట్టి, ఒక బకెట్ ఇస్తారా అని అడిగాను.